వెస్ట్ వర్జీనియా బొగ్గు లోయల్లో రాజ్యాంగం కోసం పోరాటం

అమెరికా తూర్పు భాగాన, ఉత్తరంలో కెనడా నుంచి దక్షిణంలో అలబామా వరకు సాగే అప్పలాచియన్ కొండల నడుమ పూర్తిగా ఇమిడిపోయిన రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. బానిసత్వం కారణంగా చెలరేగిన అంతర్యుద్ధం సాగుతుండగానే, తిరుగుబాటు పక్షాన చేరిన వర్జీనియా నుంచి విడిపోయి 1863లో ఏర్పడిన ఈ రాష్ట్రంలో, ఆ తరవాత అరవై ఏళ్ళలోపే దాదాపు పదివేలమంది గని కార్మికులు తుపాకులు పట్టి ఒక కొండ మీదికి నడిచారు. అంతర్యుద్ధం ముగిసిన నాటి నుంచి అమెరికా నేల మీద అంత పెద్ద సాయుధ తిరుగుబాటు మరొకటి జరగలేదని చరిత్రకారులు చెబుతారు. గని యజమానులు దాన్ని చట్టాన్ని లెక్కచేయని గుంపు ఆగడంగా చిత్రించారు, బడిపుస్తకాలు చాలా దశాబ్దాలపాటు దాని ఊసే ఎత్తలేదు. కాని 1912 నుంచి ఆ కార్మికులు యజమానుల ముందు పెట్టిన కోర్కెలను చదివితే, కూలి రేటు కంటె ముందు వరసలో కనిపించేవి సభ జరుపుకునే హక్కు, నోరు విప్పి మాట్లాడే హక్కు, నచ్చిన సంఘంలో చేరే హక్కు, కంపెనీ తుపాకి మనుషుల నుంచి విముక్తి, తవ్విన బొగ్గుకు నిజమైన తూకం. వీటిలో సభకు, వాక్కుకు సంబంధించినవి అమెరికా రాజ్యాంగం 1791లోనే పౌరులకు హామీ ఇచ్చినవి. ఆ హామీ బొగ్గు లోయల్లో ఎందుకు చెల్లలేదో, దాన్ని అక్కడ చెల్లుబాటు చేయించడానికి ఎవరు ఏమి భరించారో తెలిస్తేనే నేటి అమెరికా కార్మిక చట్టాల వెనక ఉన్న బలమేమిటో అర్థమవుతుంది.

అక్కడి బొగ్గు వ్యాపారం రైలుతో మొదలైంది. చెసపీక్ అండ్ ఒహాయో రైలుమార్గం 1873లో న్యూ రివర్ లోయ గుండా ఒహాయో నది వరకు పూర్తికావడం, 1883లో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు దక్షిణాన ఉన్న పొకహాంటస్ క్షేత్రం నుంచి బొగ్గు తరలించడం ఆరంభించడంతో, అంతవరకు మొక్కజొన్న వేసుకుని, అడవి మీద ఆధారపడి బతికిన కొండవాసుల భూములకు, ముఖ్యంగా భూమి కింది ఖనిజ హక్కులకు, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బోస్టన్ పెట్టుబడిదారులు గిరాకీ పెట్టారు. కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టి స్వల్ప ధరకు ఆ హక్కులు వదులుకున్న కుటుంబాల వారసులే ఒక తరం గడిచేసరికి అదే భూమి కింద కూలీలయ్యారు. వారు చాలకపోవడంతో దక్షిణాది రాష్ట్రాల నుంచి, బానిసత్వం తొలగి ఎన్నో ఏళ్ళు గడవని నల్లజాతి కుటుంబాలను, ఇటలీ, హంగేరీ, పోలండ్ వంటి దేశాల నుంచి ఓడలు దిగిన వలస కూలీలను ఏజెంట్లు రైళ్ళలో తీసుకువచ్చారు. వేరువేరు భాషలు మాట్లాడేవారు ఒకచోట ఉంటే ఒక్కటి కాలేరని యజమానులు లెక్కవేశారు. గనుల లోపల మాత్రం ఆ లెక్క తప్పింది. పైకప్పు కూలేటప్పుడు కేక వేసిన మనిషి రంగు ఏదని అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

ఆ లోయల్లో ఊళ్ళు లేవు కాబట్టి కంపెనీలే ఊళ్ళు కట్టాయి. ఇల్లు, దుకాణం, బడి, చర్చి, వైద్యుడు, చాలాచోట్ల రోడ్డు కూడా కంపెనీవే. దుకాణంలో చెల్లేది స్క్రిప్ అనే కంపెనీ నాణెం, అంటే కంపెనీ పేరు ముద్రించి, రాబోయే కూలికి బయానాగా ఇచ్చే లోహపు బిళ్ళ. దాన్ని మరోచోట మార్చుకుంటే విలువ తగ్గేది. నెలాఖరున ఇంటి అద్దె, వైద్యుడి రుసుము, దీపపు నూనె, మందుగుండు, పనిముట్ల మరమ్మతు ఖర్చులు కోసుకున్న తరవాత చేతికి నగదే రాని కుటుంబాలు కొల్లలుగా ఉండేవి. ఇంటి మీద కార్మికుడికి అద్దెదారుకుండే హక్కులు సైతం లేవు. ఉద్యోగం ఉన్నంతవరకే ఆ ఇంట్లో ఉండవచ్చునని ఒప్పందం చెప్పేది, న్యాయస్థానాలు ఆ ఒప్పందాన్ని సమర్థించేవి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరో యజమానిని వెతుక్కోవలసిన హెచ్-1బీ వీసా మీద బతికే తెలుగువారికి, బతుకంతా ఒకే యజమాని ఇష్టానికి ముడిపడితే మనిషి ఎంత మౌనంగా ఉంటాడో కొంతవరకు తెలుసు. అయితే వారికి చదువు, న్యాయవాది, తిరిగి చేరుకోవడానికొక ఇల్లు ఉన్నాయి, మంచు కురిసే కొండవాలులో సామాను వీధిలోకి విసిరివేయబడిన గని కుటుంబానికి అవేవీ లేవు. ఊరు మొత్తం ఒక సంస్థ సొంత ఆస్తి కావడం వల్ల, ఆ ఊళ్ళోకి ఎవరు రావాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ పత్రిక చదవాలో కూడా ఆ సంస్థే నిర్ణయించేది.

తూకం గొడవ బయటివారికి చిన్నదిగా తోచవచ్చు గాని, గని పని తీరు తెలిసినవారికి అందులోనే సగం కథ కనిపిస్తుంది. అప్పటి గనుల్లో కొంత బొగ్గును తవ్వి, పైకప్పుకు ఆధారంగా మిగతా బొగ్గును దిమ్మెలుగా వదిలే పద్ధతి ఉండేది. సింగరేణిలో బోర్డ్ అండ్ పిల్లర్ అని పిలిచేది ఇదే. ఒక్కొక్క గది ఒక కార్మికుడికో ఇద్దరికో అప్పగిస్తే, వారు పక్కకు ఒరిగి పడుకుని గునపంతో బొగ్గు పొర అడుగును కోసి, చేతి బరమాతో రంధ్రం వేసి, సొంత డబ్బుతో కొన్న మందుగుండు కూరి పేల్చి, రాలిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవారు. సింగరేణిలో తట్ట, చెమ్మసుతో పనిచేసిన పీస్ రేటు కోల్ ఫిల్లర్ల మాదిరిగానే వీరికీ కూలి ఎత్తిన బొగ్గు లెక్కనే దొరికేది. పైకప్పుకు దుంగలు నిలబెట్టడం, పట్టాలు వేయడం, నీరు తోడడం వంటి పనికి కూలి లేదు. ఇక టన్ను అంటే 2,000 పౌండ్లుగా దేశం లెక్కించే చోట, 2,240 పౌండ్లకో అంతకంటె ఎక్కువకో ఒక టన్ను కూలి ఇచ్చిన కంపెనీలున్నాయి. టబ్బు అంచుల మీద పలకలు బిగించి అదే రేటుకు ఎక్కువ బొగ్గు నింపించినవీ ఉన్నాయి. బొగ్గులో రాయి కలిసిందని చెప్పి తూకందారు తనకు తోచినంత కోసేవాడు. గని నోటి దగ్గర తూకం వేసేది కంపెనీ మనిషి, తవ్వినవాడు అప్పటికి నేల కింద ఉంటాడు. అందుకే తామే ఎన్నుకుని, తామే జీతమిచ్చే మరొక తూకందారు కంపెనీ మనిషి పక్కన నిలబడాలని గని కార్మికులు దేశమంతటా కోరారు. చెక్‌వెయిమన్ అనే ఆ ఉద్యోగి కంపెనీ జీతం తినని ఒకే ఒక మనిషి కాబట్టి, సంఘ నాయకులు చాలామంది ఆ స్థానం నుంచే ఎదిగారు, యజమానులు ఆ స్థానాన్నే అన్నిటికంటె ఎక్కువగా ద్వేషించారు.

ప్రాణాల లెక్క మరింత ఘోరమైనది. 1907 డిసెంబరు 6న మనోంగా అనే ఊరిలో పరస్పరం కలిసి ఉన్న రెండు గనుల్లో జరిగిన పేలుడులో అధికారిక లెక్క ప్రకారమే 362 మంది మరణించారు. ఆ ఒక్క ఏడాదిలో దేశంలో బొగ్గుగనుల్లో చనిపోయినవారు మూడు వేలకు పైనే. తోటి పనివాడి పొరపాటు వల్ల ప్రమాదం జరిగితే యజమానికి బాధ్యత లేదనీ, ప్రమాదకరమని తెలిసి పనిలో చేరినవాడు ఆ ప్రమాదాన్ని ఒప్పుకున్నట్టేననీ న్యాయస్థానాలు చెప్పేవి కాబట్టి, విధవలకు దక్కేది సాధారణంగా చందాల డబ్బే. మనోంగా తరవాత 1910లో కేంద్ర ప్రభుత్వం బ్యూరో ఆఫ్ మైన్స్ అనే సంస్థను నెలకొల్పింది గాని, దాని ఉద్యోగులకు గనిలోకి వెళ్ళి తనిఖీ చేసే అధికారం 1941 వరకు రాలేదు. పరిశోధన చేయవచ్చు, సలహా ఇవ్వవచ్చు, గడప దాటకూడదు. ముప్పై ఏళ్ళపాటు కొనసాగిన ఈ ఏర్పాటును చూసినవారికి, చట్టం పుస్తకంలో ఉండడానికీ గనిలో ఉండడానికీ మధ్య దూరమెంతో తెలుస్తుంది.

1890 జనవరిలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో యునైటెడ్ మైన్ వర్కర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం ఏర్పడింది. రైలుపెట్టెల నుంచి బడుల దాకా నల్లవారిని వేరు చేయడమే దేశాచారంగా స్థిరపడుతున్న ఆ రోజుల్లో, జాతి, మతం, పుట్టిన దేశం తేడాలు పాటించకుండా గని కార్మికులందరినీ చేర్చుకుంటామని ఆ సంఘం తన నియమావళిలోనే రాసుకుంది. ఆచరణలో లోపాలు లేకపోలేదు, అయినా అమెరికా కార్మికోద్యమంలో ఆనాటికి అది అరుదైన నిర్ణయం. 1897 నాటి పెద్ద సమ్మె ఫలితంగా పశ్చిమ పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాల యజమానులు 1898లో సంఘంతో ఉమ్మడి ఒప్పందానికి వచ్చి ఎనిమిది గంటల పనిదినాన్ని అంగీకరించారు. వెస్ట్ వర్జీనియా యజమానులు అందులో చేరలేదు. వారి బొగ్గు నాణ్యమైనదే గాని, గ్రేట్ లేక్స్ తీరంలోని పెద్ద అంగళ్ళకు చేరాలంటే రైలు కిరాయి ఎక్కువ. ఆ నష్టాన్ని వారు తక్కువ కూలితో పూడ్చుకున్నారు. ఫలితంగా ఆ చౌకబొగ్గు పక్క రాష్ట్రాల సంఘ ఒప్పందాలను ఏటా కొరికివేస్తుండేది, వెస్ట్ వర్జీనియాను సంఘటితం చేయకుండా తాను ఎక్కడా నిలవలేనని సంఘానికి అర్థమైంది. ఇరుపక్షాలకూ అది చావుబతుకుల సమస్య కావడం వల్లనే అక్కడి పోరాటం మిగతా చోట్ల కంటె క్రూరంగా సాగింది.

యజమానుల చేతిలో రెండు ఆయుధాలుండేవి. ఒకటి ఎల్లో డాగ్ ఒప్పందం, అంటే ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ సంఘంలోనూ చేరనని పనిలో చేరేటప్పుడే రాసి ఇచ్చే హామీపత్రం; వెస్ట్ వర్జీనియాకే చెందిన హిచ్‌మన్ కోల్ అండ్ కోక్ కంపెనీ వేసిన దావాలో 1917లో దేశపు సుప్రీంకోర్టు ఆ పత్రాన్ని సమర్థించి, అటువంటి హామీ ఇచ్చినవారిని సంఘంలోకి ఆహ్వానించడమే నేరతుల్యమన్నట్టు తీర్పు చెప్పింది. రెండోది బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ. పేరుకు డిటెక్టివులే అయినా, వారు గని ఊళ్ళలో తుపాకులతో గస్తీ తిరిగి, సంఘ ప్రచారకులను కొట్టి, సమ్మె చేసిన కుటుంబాలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టేవారు. దీనికి తోడు, అమెరికాలో జిల్లా వంటి కౌంటీకి పోలీసు అధికారిగా ప్రజలు ఎన్నుకునే షెరిఫ్ అనే అధికారి లోగన్ కౌంటీలో యజమానుల సంఘం నుంచి డబ్బు పుచ్చుకుని, ఆ డబ్బుతో తన డిప్యూటీలకు జీతాలిచ్చేవాడు. ప్రభుత్వాన్ని కంపెనీ లొంగదీసుకుందనడం కూడా అక్కడ సరిపోదు. ఆ కౌంటీలో ప్రభుత్వానికి, కంపెనీకి మధ్య గీత గీయడమే కష్టం.

1912 ఏప్రిల్‌లో రాజధాని చార్ల్‌స్టన్‌కు దగ్గరలోని పెయింట్ క్రీక్ లోయలో సమ్మె మొదలై, కొద్దికాలంలోనే సంఘం లేని పక్క లోయ క్యాబిన్ క్రీక్‌కు పాకింది. యజమానులు ఒప్పుకోనిది కొద్ది సెంట్ల పెంపు. కార్మికులు దాని వెంట సంఘ గుర్తింపు, సభాస్వాతంత్ర్యం, సరైన తూకం, చెక్‌వెయిమన్, కంపెనీ దుకాణం నుంచి విడుదల కోరారు. సంఘ గుర్తింపు అంటే కార్మికుల తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఒక సంఘాన్ని యజమాని అంగీకరించడం. 1998 నుంచి రహస్య ఓటింగుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్న సింగరేణి కార్మికులకు ఇది పరిచితమైన విషయమే. ఇళ్ళ నుంచి గెంటివేయబడ్డ కుటుంబాలు ఆ చలికాలమంతా సంఘం ఇచ్చిన డేరాల్లో గడిపాయి.

అక్కడికి వచ్చినవారిలో మదర్ జోన్స్ అని కార్మికులు పిలుచుకున్న మేరీ హారిస్ జోన్స్ ఉన్నారు. ఐర్లండ్‌లో పుట్టి, 1867లో మెంఫిస్ నగరంలో వ్యాపించిన పచ్చజ్వరానికి భర్తనూ నలుగురు పిల్లలనూ పోగొట్టుకుని, కుట్టుపని దుకాణం పెట్టుకుంటే 1871 నాటి షికాగో అగ్నిప్రమాదంలో అదీ బూడిదైపోయిన ఆమె, మిగిలిన దీర్ఘాయువును కార్మికులకే ధారపోశారు. నల్లగౌను వేసుకుని, డెబ్బై దాటిన వయసులో, కంపెనీ భూమి మీద నడిస్తే అరెస్టు చేస్తామన్నచోట వాగునీళ్ళలో నడిచి ఆమె సభలకు వెళ్ళారని ఆ లోయల్లో నేటికీ చెప్పుకుంటారు. గవర్నరు విలియం గ్లాస్‌కాక్ ఆ సమ్మెకాలంలో మూడుసార్లు సైనిక శాసనం విధించారు. అమెరికాలో రాష్ట్ర గవర్నరు ప్రజలెన్నుకున్న పాలకుడు, మన ముఖ్యమంత్రికి సమానుడని పాఠకులు గమనించాలి. మామూలు కోర్టులు తెరిచే ఉండగా, జ్యూరీ లేని సైనిక కోర్టు పౌరులను విచారించి శిక్షలు వేసింది. పౌర అధికారానికి సైన్యం లోబడి ఉండాలని రాష్ట్ర రాజ్యాంగమే స్పష్టంగా చెబుతున్నా, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ విచారణలను సమర్థించింది. 1913 ఫిబ్రవరి 7 రాత్రి ఇనుప రేకులు తొడిగిన ఒక రైలు దీపాలార్పుకుని హోలీ గ్రోవ్ డేరాల పక్కగా వెళుతూ మెషిన్‌గన్‌తో కాల్పులు జరిపింది. సెస్కో ఎస్టెప్ అనే కార్మికుడు మరణించాడు, ఆ రైలులో స్థానిక షెరిఫ్ కూడా ఉన్నాడు. కొద్దిరోజులకే అరెస్టయిన మదర్ జోన్స్ సైనిక కోర్టు అధికారాన్నే ఒప్పుకోక, తనను తాను సమర్థించుకోవడానికి నిరాకరించారు. నిర్బంధం నుంచి ఆమె పంపిన తంతిని సెనేటర్ జాన్ కెర్న్ సెనేట్‌లో చదివి వినిపించాక దేశం అటు తల తిప్పింది, సెనేట్ విచారణ ఆరంభమైంది. కొత్త గవర్నరు హెన్రీ హ్యాట్‌ఫీల్డ్ కుదిర్చిన ఒప్పందంలో తొమ్మిది గంటల పనిదినం, చెక్‌వెయిమన్ దక్కాయి గాని సంఘ గుర్తింపు దక్కలేదు. ఆ ఒప్పందాన్ని విమర్శించిన హంటింగ్టన్ పత్రిక ముద్రణ యంత్రాలను అదే గవర్నరు పంపిన సైనికులు విరగగొట్టారు. డేరాల మీద దాడి వెస్ట్ వర్జీనియాతో ఆగలేదు. 1914 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలో, రాక్‌ఫెల్లర్ కుటుంబపు సంస్థకు వ్యతిరేకంగా సమ్మె చేస్తున్న లడ్లో డేరాలకు నిప్పంటుకుని, కాల్పుల నుంచి దాక్కోవడానికి డేరా కింద తవ్వుకున్న గోతిలో ఇద్దరు తల్లులు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక మరణించారు.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత దక్షిణ వెస్ట్ వర్జీనియాలోని మింగో కౌంటీకి సంఘం చేరినప్పుడు, సభ్యత్వం తీసుకున్నవారిని వెంటనే తొలగించి ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టే పని మొదలైంది. 1920 మే 19న మేట్‌వాన్ అనే చిన్న పట్టణంలో కుటుంబాలను వెళ్ళగొట్టి తిరుగురైలు కోసం ఎదురుచూస్తున్న బాల్డ్విన్-ఫెల్ట్స్ మనుషులను పట్టణ పోలీసు అధికారి సిడ్ హ్యాట్‌ఫీల్డ్, మేయరు క్యాబెల్ టెస్టర్‌మన్ అడ్డగించారు. మొదటి తూటా ఎవరిదన్నది తేలలేదు. ఏడుగురు డిటెక్టివులు, ఇద్దరు కార్మికులు, మేయరు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వోద్యోగి ఒకడు కంపెనీ పక్షాన నిలవకుండా చట్టం పక్షాన నిలవడం ఆ లోయల్లో ఎవరూ ఎరగని సంగతి కాబట్టి, సిడ్ హ్యాట్‌ఫీల్డ్ రాత్రికి రాత్రి కార్మికుల ఆత్మీయుడయ్యాడు. మింగో జ్యూరీ అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. 1921 ఆగస్టు 1న మరొక కేసు విచారణ కోసం మిత్రుడు ఎడ్ ఛేంబర్స్‌తో కలిసి, నిరాయుధులై, భార్యల చేతులు పట్టుకుని వెల్చ్ పట్టణపు కోర్టు మెట్లెక్కుతున్నప్పుడు, బాల్డ్విన్-ఫెల్ట్స్ మనుషులు ఇద్దరినీ కాల్చిచంపారు. అందుకు ఎవరికీ శిక్ష పడలేదు.

కోర్టు మెట్ల మీదనే జరిగిన ఆ హత్య, న్యాయం కోసం కోర్టుకు వెళ్ళమని చెప్పే అర్హతను ప్రభుత్వం నుంచి లాగివేసింది. ఆగస్టు చివరి వారంలో చార్ల్‌స్టన్ సమీపంలోని మార్మెట్ దగ్గర వేలమంది కార్మికులు చేరి, సైనిక శాసనం కింద మింగోలో జైలుపాలైన తోటివారిని విడిపించడానికి నడక మొదలుపెట్టారు. గుర్తుగా మెడకు ఎర్ర రుమాళ్ళు కట్టుకున్నారు. ఫ్రాన్స్ యుద్ధరంగం నుంచి తిరిగివచ్చినవారు దళాలను, సంకేతపదాలను ఏర్పాటు చేశారు. తెల్లవారు, నల్లవారు, ఇటలీ నుంచి వచ్చినవారు ఒకే వరసలో నడిచారు. సంఘ నాయకుడు ఫ్రాంక్ కీనీ నచ్చచెప్పడంతో చాలామంది వెనుదిరగడానికి సిద్ధమైన సమయంలో, షార్ప్‌ల్స్ అనే ఊరిలో రాష్ట్ర పోలీసుల దాడిలో కార్మికులు చనిపోయారన్న వార్త వారిని తిరిగి కదిలించింది. దారిలో లోగన్ కౌంటీ సరిహద్దున ఉన్న బ్లెయిర్ కొండ శిఖరం మీద షెరిఫ్ డాన్ చాఫిన్ మనుషులు మెషిన్‌గన్‌లతో కాచుకున్నారు, కిరాయి విమానాల నుంచి ఇంట తయారుచేసిన బాంబులు కార్మికుల మీద వేశారు. పోరు రోజులతరబడి సాగాక అధ్యక్షుడు హార్డింగ్ కేంద్ర సైన్యాన్ని పంపగానే కార్మికులు ఆయుధాలు దాచి ఇళ్ళకు మళ్ళారు. సమాఖ్య సైనికుడి మీద వారు తుపాకి ఎత్తలేదు. తాము తిరగబడింది దేశం మీద కాదనీ, దేశపు చట్టాన్ని తమ లోయలోకి రానివ్వనివారి మీదనీ వారు నమ్మారు; అందుకే సైన్యం రాకను చాలామంది రక్షణగా భావించారు. ఆ నమ్మకానికి రాష్ట్రం ఇచ్చిన జవాబు వందలమందిపై హత్య, రాజద్రోహం ఆరోపణలు. 1922లో చార్ల్స్ టౌన్‌లో, 1859లో బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్‌కు మరణశిక్ష విధించిన అదే కోర్టు భవనంలో, యువనాయకుడు బిల్ బ్లిజర్డ్‌ను రాజద్రోహం కింద విచారించారు. జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది.

కేసులు గెలిచినా సంఘం ఓడిపోయింది. 1920ల చివరికి వెస్ట్ వర్జీనియాలో సంఘ సభ్యులు వేల నుంచి వందలకు పడిపోయారు. ఎల్లో డాగ్ ఒప్పందాల ఆధారంగా న్యాయమూర్తులిచ్చిన నిషేధపు ఉత్తర్వులు ప్రచారానికే తలుపులు మూశాయి. అటువంటి ఉత్తర్వును 1927లో సమర్థించిన జాన్ పార్కర్ అనే న్యాయమూర్తిని 1930లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదించినప్పుడు, కార్మిక సంఘాలు, నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ కలిసి ప్రతిఘటించడంతో సెనేట్ 41-39 ఓట్లతో ఆ పేరును తిరస్కరించింది. 1932 నాటి నోరిస్-లా గార్డియా చట్టం ఎల్లో డాగ్ ఒప్పందాలకు కోర్టుల అండ లేకుండా చేసింది. 1933 జూన్‌లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన పారిశ్రామిక పునరుద్ధరణ చట్టంలోని ఒక చిన్న నిబంధన కార్మికులకు సంఘటితమయ్యే హక్కు ఉందని చెప్పగానే, సంఘాధ్యక్షుడు జాన్ ఎల్. లూయిస్ ఉన్న నిధులన్నీ ఖర్చుపెట్టి ప్రచారకులను కొండల్లోకి పంపారు, పన్నెండేళ్ళు తుపాకీతో అణచినచోట కొద్దివారాల్లో దాదాపు ప్రతి గనీ సంఘంలో చేరింది. ఆ సెప్టెంబరులో కుదిరిన ఒప్పందంలో ఎనిమిది గంటల పనిదినం, చెక్‌వెయిమన్ హక్కు, కంపెనీ ఇంట్లో ఉండాలనీ కంపెనీ దుకాణంలో కొనాలనీ బలవంతం చేయకూడదన్న షరతు ఉన్నాయి. పెయింట్ క్రీక్ డేరాల్లో రాసుకున్న కోర్కెల్లో ముఖ్యమైనవి ఇరవై ఒక్క ఏళ్ళ తరవాత కాగితం మీదికి వచ్చాయన్నమాట. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసినా, 1935 నాటి వాగ్నర్ చట్టం సంఘటితమయ్యే హక్కును దేశంలోని చాలా పరిశ్రమలకు మరింత గట్టిగా స్థిరపరచింది.

లూయిస్ నాయకత్వంలో సంఘం చాలా సాధించింది, చాలా చెల్లించింది కూడా. 1946 సమ్మెలో ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్నప్పుడు, తవ్వే ప్రతి టన్నుకు ఐదు సెంట్ల చొప్పున కార్మికుల వైద్య, పింఛను నిధికి జమ చేయాలన్న ఒప్పందం కుదిరింది. ఆ నిధితోనే 1956 నాటికి అప్పలాచియాలో పది ఆసుపత్రులు వెలిశాయి. బదులుగా 1950 నుంచి యంత్రాలను అడ్డుకోకూడదని సంఘం అంగీకరించింది. అప్పటికి దేశంలో నాలుగు లక్షలకు పైగా ఉన్న బొగ్గు కార్మికులు రెండు దశాబ్దాలు తిరగకుండానే లక్షన్నరకు దిగువకు వచ్చారు, ముందుగా పని పోగొట్టుకున్నది నల్లవారే. మిగిలినవారు, నిరంతరం బొగ్గు కోసే కొత్త యంత్రాలు రేపే సన్నని ధూళి మధ్య పనిచేశారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వాటిని గట్టిపరిచే వ్యాధిని నల్ల ఊపిరితిత్తి అంటారు. బ్రిటన్ 1943లోనే దాన్ని నష్టపరిహారం చెల్లించవలసిన వృత్తివ్యాధిగా గుర్తించింది. వెస్ట్ వర్జీనియాలో కంపెనీ వైద్యులు అది మామూలు ఉబ్బసమనో, పొగతాగడం వల్ల వచ్చిందనో చెబుతూ వచ్చారు.

1968 నవంబరు 20న ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయినప్పుడు, సంఘాధ్యక్షుడు టోనీ బాయిల్ గని నోటి దగ్గర నిలబడి కంపెనీ భద్రతా చరిత్రను మెచ్చుకోవడం కార్మికుల మనసు విరిచివేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, సంఘ నాయకత్వం అనుమతి లేకుండానే, ఐ. ఇ. బఫ్, డొనాల్డ్ రాస్‌ముసెన్, హావీ వెల్స్ అనే ముగ్గురు వైద్యులు ఊరూరా తిరిగి చెప్పిన మాటలు విని, దాదాపు నలభైవేలమంది పని ఆపి రాజధానికి కదిలారు. కూలి పెంపు కోసం కాక, ఒక జబ్బును జబ్బుగా ఒప్పుకోమని జరిగిన సమ్మె అది. రాష్ట్ర శాసనసభ మూడు వారాల్లో దిగివచ్చింది. ఆ ఒత్తిడి వల్లనే 1969 డిసెంబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన కేంద్ర చట్టం, భూగర్భ గని ప్రతిదాన్నీ ఏటా నాలుగుసార్లు తనిఖీ చేయాలనీ, గాలిలో ధూళికి పరిమితి ఉండాలనీ, నల్ల ఊపిరితిత్తి రోగులకు పరిహారం చెల్లించాలనీ విధించింది. సంతకం జరిగిన మర్నాటి తెల్లవారుజామున, సంఘంలోని అవినీతి మీద బాయిల్‌పై పోటీచేసి ఓడిన జాక్ యబ్లాన్‌స్కీని, భార్యను, కుమార్తెను వారి ఇంట్లోనే కిరాయి హంతకులు కాల్చిచంపారు. బాయిల్ ఆ నేరానికే జైలుశిక్ష అనుభవిస్తూ మరణించాడు. కార్మికులు తమ సంఘాన్ని కూడా తిరిగి గెలుచుకోవలసివచ్చింది, 1972 ఎన్నికలో నల్ల ఊపిరితిత్తి ఉద్యమం నుంచి వచ్చిన ఆర్నాల్డ్ మిల్లర్‌ను అధ్యక్షుడిగా గెలిపించి ఆ పని చేశారు.

అమెరికన్ వైద్యులు వెళ్ళడానికి ఇష్టపడని ఆ కొండ ఊళ్ళలో 1970ల నుంచి ఆసుపత్రులను నడిపినవారిలో భారతీయ వైద్యులు, వారిలో తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. గని కార్మికుడి ఎక్స్‌రే చదివి, అది దుమ్ము వల్ల వచ్చిన జబ్బేనని వాంగ్మూలం రాసే బాధ్యత ఆ విధంగా వారి చేతికీ వచ్చింది. ప్రవాస తెలుగువారి విజయగాథల్లో ఈ అధ్యాయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆ ఎక్స్‌రేలు 1990ల చివరి వరకు మెరుగుపడుతూ వచ్చి, తరవాత మళ్ళీ దిగజారాయి. మంచి పొరలు తవ్వగా మిగిలిన సన్నని బొగ్గు పొరల కోసం యంత్రాలు పైనా కిందా ఉన్న రాతిని కూడా కోయడంతో, బొగ్గు ధూళి కంటె ఎన్నో రెట్లు హానికరమైన సిలికా ధూళి లేస్తుంది. నలభై ఏళ్ళు నిండని కార్మికుల్లో సైతం వ్యాధి ముదిరిన దశలు బయటపడుతున్నాయి. 2010 ఏప్రిల్ 5న సంఘం లేని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది పేలుడుకు బలైనప్పుడు, ఊపిరితిత్తులు పరీక్షించడానికి వీలైన 24 మందిలో 17 మందికి నల్ల ఊపిరితిత్తి ఉన్నట్టు తేలింది. సిలికా పరిమితిని సగానికి తగ్గించే నియమాన్ని కేంద్ర ప్రభుత్వం 2024లో ఖరారు చేసింది. బొగ్గుగనుల్లో 2025 ఏప్రిల్ నుంచి అమలు కావలసిన ఆ నియమం, రాతి, ఇసుక పరిశ్రమల సంఘం కోర్టుకు వెళ్ళడంతో వాయిదా పడింది.